సున్నా లేని లెక్క

చి. బుజ్జికి, చిన్నుకి తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన వాట్సాప్ మెసేజ్ చదివాను. "భూమి ఎంత వేడెక్కుతుందో సైంటిస్టులకే సరిగ్గా తెలీదు, ఇక మనకెందుకీ టెన్షన్" అని ఉంది. మొదటి ముక్క నిజమే. రెండో ముక్కతోనే నాకు పేచీ.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఎన్ని డిగ్రీలు పెరుగుతుందన్న లెక్క చాలా పాతది. మీ కెమిస్ట్రీ పుస్తకంలో కనపడే అర్హీనియస్ 1896లోనే కాగితం మీద వేసి 5, 6 డిగ్రీలన్నాడు. 1979లో అమెరికాలో చార్నీ అనే సైంటిస్టు నడిపిన కమిటీ 1.5 నుంచి 4.5 మధ్య అని చెప్పింది. కంప్యూటర్లు అంత ఎదిగినా 2013లో ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం, ఇచ్చిన నివేదికలోనూ అవే అంకెలు! 2021లో ఆ సంఘం వాళ్లే హిమయుగపు ఆనవాళ్లు, పాత ఉష్ణోగ్రతల రికార్డులు అన్నీ కలిపి చూసి, ఎక్కువ అవకాశం 2.5 నుంచి 4 మధ్యే అన్నారు.

ఇన్నేళ్లు సతాయించింది ముఖ్యంగా మబ్బులు. వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే ప్రోగ్రామును మోడల్ అంటారు. అది భూమిని గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడి దాదాపు 100 కిలోమీటర్లు, అంటే విజయవాడ నుంచి తాడేపల్లిగూడెం దాకా ఒకటే గడి. మన డాబా మీదుగా పోయే మబ్బుతునక అందులో ఎక్కడ ఆనుతుంది? అందుకని గడి మొత్తానికి ఇంత మబ్బు అని ఓ సూత్రంతో సర్దుకోవాలి. కిందుగా పరుచుకునే దట్టమైన మబ్బులు ఎండను తిప్పికొడతాయి. బాగా పైన ఉండే పల్చటివి భూమి వేడిని బయటికి పోనివ్వవు. వేడి పెరిగేకొద్దీ ఏవి ఎంత మారతాయో ఒక్కో బృందం సూత్రం ఒక్కోలా చెబుతుంది.

సరే, ఆ అంకెల్లో ఎక్కడైనా సున్నా ఉందా? తుఫాను మచిలీపట్నం, కాకినాడ మధ్య తీరం దాటొచ్చంటే, ఎక్కడో కచ్చితంగా చెప్పలేదు కదా అని ఎవరూ వేటకు పడవ తియ్యరు.

ఇంకోటి. పేపర్లో "2100 నాటికి" అంటూ వేసే అంకెలు మరీ దూరదూరంగా ఉంటాయి. ఆ తేడాలో పెద్ద వాటా మనం ఎంత బొగ్గు, పెట్రోలు కాలుస్తామన్నదానిది. దాన్ని మోడల్ మీదకు తోసేస్తే ఎలా?

మెసేజ్ పంపిన పెద్దమనిషిని ఒక్కటడగండి. "సరిగ్గా తెలీదు" అన్నప్పుడల్లా ఆయన కింది అంకే ఎందుకు పట్టుకుంటాడట? జవాబొస్తే నాకూ ఫార్వర్డ్ చెయ్యండి.

మీ తాతయ్య