పేటకు గ్రాంటు వచ్చింది, పేదవాళ్లు ఎక్కడికి వెళ్లారు?

డొనాల్డ్ ట్రంప్ తొలిసారి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు తన ప్రతి బడ్జెట్ ప్రతిపాదనలోనూ ఒక పద్దుకు సున్నా పెట్టారు. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ మాత్రం ప్రతిసారీ ఆ సున్నాను పట్టించుకోకుండా డబ్బు మంజూరు చేసింది. ఆ పద్దు పేరు కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంట్. ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చే డబ్బు ఇది. అందరూ సీడీబీజీ అంటారు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల పేటల్లో రోడ్లు, డ్రైనేజీ, పాత ఇళ్ల మరమ్మతులు లాంటి పనులకు ఈ డబ్బు వాడతారు. డెమోక్రాట్లయినా రిపబ్లికన్లయినా మేయర్లు దీన్ని వదులుకోరు. ఈ పథకం మీద గొడవ కొత్తదేమీ కాదు. పేట బాగుపడటం, అక్కడి మనుషులు బాగుపడటం ఒకటేనా అన్న పాత తగాదా ఇది.

దీని మూలం 1930లలో ఉంది. హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ నగరాల మ్యాపులు గీయించి, అప్పు ఇస్తే రిస్కు అనుకున్న పేటలకు ఎర్ర రంగు వేయించింది. నల్లజాతివాళ్లున్న పేటలు దాదాపు అన్నీ ఎర్రవే. అలాంటి పేటల్లో ఇంటి రుణాలకు బీమా ఇవ్వడానికి ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా వెనకాడింది. అప్పు పుట్టని చోట పైకప్పు కారినా బాగుచేయించుకునే దారి ఉండదు. ఇరవై ఏళ్లు గడిచేసరికి ఆ ఇళ్లు శిథిలమయ్యాయి. అప్పుడు ప్రభుత్వమే వచ్చి, ఇది మురికివాడ, కూల్చేయాలి అంది.

కూల్చడానికి 1949 హౌసింగ్ చట్టం డబ్బు ఇచ్చింది. ప్రతి అమెరికన్ కుటుంబానికీ మంచి ఇల్లు అన్నది ఆ చట్టం చెప్పుకున్న లక్ష్యం. ఆచరణలో జరిగింది వేరు. నగరం ఆ స్థలాన్ని బలవంతంగానైనా సేకరించి, ఇళ్లు నేలమట్టం చేసి, బిల్డర్లకు చవగ్గా అమ్మేది. ఆ నష్టంలో మూడింట రెండు వంతులు ఫెడరల్ ప్రభుత్వం భరించేది. ఖాళీ అయిన స్థలంలో మళ్లీ పేదలకే ఇళ్లు కట్టాలన్న గట్టి షరతు లేదు. బోస్టన్‌లో వెస్ట్ ఎండ్ అనే వలస కార్మికుల పేటను 1950ల చివర కూల్చేసి, అక్కడ ఖరీదైన అపార్టుమెంట్లు లేపారు. ఇలాంటి స్థల సేకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1954లోనే ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. పేటలు ఖాళీ చేసినవాళ్లలో నల్లజాతివాళ్ల వాటా వాళ్ల జనాభాకు మించి ఉంది. నిర్వాసితులకు ఫెడరల్ ప్రాజెక్టులన్నిటిలో ఒకే రకం సాయం అందాలన్న చట్టం 1970 నాటిది. అప్పటికి ఎన్నో పేటలు నేలమట్టమయ్యాయి.

ప్రభుత్వం తానే కట్టిన ఇళ్ల సంగతీ అంతంతమాత్రమే. సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్-ఐగో పేరుతో 33 బ్లాకులు, ఒక్కోటి 11 అంతస్తులు, 1950ల మధ్యలో కట్టారు. నిర్వహణ ఖర్చు అద్దెల్లోంచే రావాలి. స్తోమత ఉన్నవాళ్లు శివార్లకు వెళ్లిపోయారు. మిగిలిన పేదల అద్దెలు లిఫ్టుల రిపేరుకు కూడా చాలలేదు. 1972లో వాటిని పేల్చి కూల్చడం మొదలుపెట్టారు. తప్పంతా ఆర్కిటెక్చర్‌దే అని చాలామంది రాశారు కానీ, నా ఉద్దేశంలో అక్కడ ముందు కూలింది లెక్కల పుస్తకం.

1973 జనవరిలో నిక్సన్ సర్కారు గృహనిర్మాణ సబ్సిడీలను ఆపేసింది. మరుసటి ఏడాది ఆగస్టులో, అధ్యక్ష పదవి చేపట్టి రెండు వారాలైనా కాకముందే, ఫోర్డ్ కొత్త చట్టంపై సంతకం పెట్టారు. ఏడు పాత పథకాలు కలిసిపోయి సీడీబీజీ పుట్టింది. ఏ పనికి ఖర్చు పెట్టాలో వాషింగ్టన్ చెప్పదు, ఫార్ములా ప్రకారం డబ్బు పంపిస్తుంది, నిర్ణయం స్థానికులదే.

అసలు కథంతా ఆ ఫార్ములాలోనే ఉంది. మొదట జనాభా, పేదరికం, ఇరుకు ఇళ్లు చూసేవారు. దానివల్ల ఈశాన్యంలోని పాత పారిశ్రామిక నగరాలు నష్టపోతున్నాయని 1977లో రెండో ఫార్ములా చేర్చారు. అందులో 1940కి ముందు కట్టిన ఇళ్ల సంఖ్యకు 50 శాతం ప్రాధాన్యం. రెండింటిలో నగరానికి ఏది లాభమైతే అదే వర్తిస్తుంది. పాత ఇల్లంటే పేదిల్లు అని అప్పట్లో అనుకున్నారు. కానీ సంపన్నులు పాత ఇళ్లను కొని ముచ్చటగా బాగుచేయించుకున్న ఊళ్లు కూడా ఆ లెక్కలోకి వచ్చేశాయి. ఖర్చులో ఎంత వాటా తక్కువ, మధ్యస్థ ఆదాయం వాళ్లకు చేరాలన్నది కూడా మెల్లగానే తేలింది. 1983లో 51 శాతం అన్నారు. తర్వాత 60 చేశారు. 1990లో 70కి పెంచారు. అక్కడ కూడా ‘మధ్యస్థ’ అంటే ఆ ప్రాంతపు మధ్యగత ఆదాయంలో 80 శాతం దాకా. అంటే, ఆ 70 శాతంలో నిరుపేదలకు ఇంత చేరాలన్న ప్రత్యేక వాటా ఏదీ లేదు. పైగా ప్రతి వార్డుకూ కాస్త పంచాలని కౌన్సిలర్ల ఒత్తిడి. దాంతో డబ్బు పలచబడిపోతుంది. 1975లో దాదాపు 250 కోట్ల డాలర్లున్న ఈ పద్దు ఇటీవల ఏటా 330 కోట్ల దగ్గర ఉంది. ధరల పెరుగుదల కలిపి చూస్తే ఇది చాలా పెద్ద కోత.

1992లో వచ్చిన హోప్ సిక్స్ అనే ఫెడరల్ పథకం పూర్తిగా వేరే దారి పట్టింది. డబ్బు పలచగా చల్లకుండా, బాగా పాడైపోయిన ప్రభుత్వ గృహసముదాయాలను ఒక్కొక్కటిగా కూల్చి, అన్ని ఆదాయాలవాళ్లూ కలిసి ఉండే ఇళ్లు కట్టాలన్నది ఆలోచన. కూల్చిన ప్రతి ఇంటికీ బదులు ఒకటి కట్టాలన్న నియమాన్ని కాంగ్రెస్ 1995లో పక్కన పెట్టి, 1998లో పూర్తిగా ఎత్తేసింది. అట్లాంటాలో 1936 నాటి టెక్‌వుడ్ హోమ్స్ ఒలింపిక్స్ వేళకు మాయమై, అక్కడ సెంటెనియల్ ప్లేస్ వచ్చింది. చూడటానికి చక్కగా ఉంది, నేరాలు తగ్గాయి. పాత కాపురస్తుల్లో తిరిగి వచ్చినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లలో చాలామందికి అద్దె వోచర్లు ఇచ్చి పంపించారు.

2008 గృహరుణాల సంక్షోభంలో జప్తయిన ఇళ్లను కొని బాగుచేయడానికి 392 కోట్ల డాలర్లు, ఆ తర్వాత మరో రెండు విడతలు వచ్చాయి. అది అత్యవసర వైద్యం లాంటిది, అంతటితో ఆగింది.

2010లో హోప్ సిక్స్ స్థానంలోకి చాయిస్ నైబర్‌హుడ్స్ వచ్చింది. ఇంటికి బదులు ఇల్లు కట్టాలన్న నియమం మళ్లీ పెట్టారు. పాతవాళ్లకు తిరిగి వచ్చే హక్కు రాసిచ్చారు. స్కూళ్లు, ఉపాధి కూడా ప్రణాళికలో చేర్చారు. అయితే ఆ హక్కు ప్రాజెక్టు ఇళ్లలో ఉన్నవాళ్లకే. పక్క వీధిలో ప్రైవేటు ఇంట్లో అద్దెకుంటూ, పేట బాగుపడ్డాక అద్దె పెరిగి ఖాళీ చేసే కుటుంబం ఆ నియమాల్లో ఎక్కడా లేదు.