పైరసీ కేసుల్లో విద్యార్థి పేరు: అమెరికా విశ్వవిద్యాలయాల అనుభవం

దొంగ కాపీలు పంచిన విద్యార్థి ఎవరో బయటివారికి తెలియదు, వారికి కనిపించేది ఒక ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) మాత్రమే. దాని వెనుక ఉన్న పేరు నెట్‌వర్క్ నడిపే విశ్వవిద్యాలయం దగ్గర ఉంటుంది. అమెరికాలో ఈ వివాదం ఆ పేరు చుట్టూ పెరిగింది.

1994లో ఎంఐటీ విద్యార్థి డేవిడ్ లమాకియాపై, వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా దించుకునే బులెటిన్ బోర్డు (ఫైళ్లు పంచుకునే ఆన్‌లైన్ వేదిక) నడిపాడని అభియోగం మోపారు. లాభాపేక్ష లేనందున కాపీరైట్ చట్టం కింద అది నేరం కాలేదు. ప్రాసిక్యూటర్లు ప్రయోగించిన వైర్ ఫ్రాడ్ చట్టం (ఫోన్, నెట్‌వర్క్‌ల ద్వారా చేసే మోసాలపై చట్టం) వర్తించదని కోర్టు కేసు కొట్టివేసింది. ఆ లొసుగును పూడ్చడానికి 1997లో నో ఎలక్ట్రానిక్ థెఫ్ట్ చట్టం వచ్చింది. 1999లో దాని కింద మొదట దోషిగా తేలినవాడు కూడా విద్యార్థే. తన నెట్‌వర్క్‌లో రద్దీ అసాధారణంగా పెరగడాన్ని ఆరెగాన్ విశ్వవిద్యాలయం గమనించడంతో ఆ వ్యవహారం బయటపడింది. అయితే రద్దీ ఎంతుందో చూడడం వేరు, అందులో ఏముందో చదవడం వేరు. ఈ తేడాను చెరిపేస్తే గోప్యతకు అర్థం మిగలదు.

అసలు చిక్కు 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టంతో మొదలైంది. న్యాయమూర్తి పరిశీలన లేకుండా, కోర్టు గుమాస్తా జారీచేసే సబ్‌పీనాతోనే (సమాచారం ఇవ్వాలన్న ఆదేశంతోనే) చందాదారుడి పేరు అడిగే వీలును అది కాపీరైట్ యజమానులకు ఇచ్చింది. సాఫ్ట్‌వేర్‌కూ పాటలకూ ఒకేలా వర్తించే ఆ నిబంధనను 2003లో రికార్డింగ్ సంస్థల సంఘం విశ్వవిద్యాలయాలపై ప్రయోగించినప్పుడు ఎంఐటీ, బోస్టన్ కాలేజీ అభ్యంతరం తెలిపాయి. విద్యార్థి రికార్డులు వెల్లడించే ముందు అతనికి సమాచారం ఇవ్వాలని 1974 నాటి విద్యా గోప్యతా చట్టం చెబుతోందని గుర్తుచేశాయి. వాషింగ్టన్‌లో జారీ అయిన సబ్‌పీనాలు మసాచుసెట్స్‌లో చెల్లవని అక్కడి ఫెడరల్ కోర్టు తేల్చింది. గెలిచింది పరిధి ప్రశ్న మీదే అయినా, విద్యార్థి పక్షాన నిలబడి అడగడమే ఇక్కడ ముఖ్యమని నా అభిప్రాయం. అదే ఏడాది డిసెంబరులో ఇంటర్నెట్ సేవల సంస్థ వెరిజాన్ కేసులో అప్పీళ్ల కోర్టు, సమాచారాన్ని కేవలం చేరవేసే సంస్థలకు ఆ సబ్‌పీనా వర్తించదని చెప్పింది. అప్పటినుంచి యజమానులు పేరు తెలియని ప్రతివాదిపై దావా వేసి, న్యాయమూర్తి అనుమతితో పేరు కోరవలసి వచ్చింది.

2008 ఉన్నత విద్యా చట్టం దారి మార్చి, అక్రమ పంపిణీని అరికట్టే ప్రణాళిక ఉండాలన్న బాధ్యతను విశ్వవిద్యాలయాలపైనే పెట్టింది. రద్దీని అదుపుచేయడం, కాపీరైట్ యజమానుల నోటీసులకు చురుగ్గా స్పందించడం వంటి పద్ధతుల్లో దేన్ని ఎంచుకోవాలో మాత్రం వాటికే విడిచిపెట్టింది.