ఐవర్సన్ చేతి మీది ఇంకు ఎందుకు చెరగదు?

హన్మకొండలో, కాజీపేటలో సాయంత్రం పూట బాస్కెట్‌బాల్ కోర్టుల దగ్గర కాసేపు నిలబడండి. ఆడే కుర్రాళ్లలో మోచేతి దాకా టాటూ ఉన్నవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. ఎవరిని చూసి వేయించుకున్నారని అడగక్కర్లేదు. అమెరికా బాస్కెట్‌బాల్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ వీపు మీది ‘చోజెన్ 1’ అక్షరాలు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ కనిపిస్తాయి.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఈ మోజు 1990ల్లో డెన్నిస్ రాడ్‌మన్‌తో జనం కంట్లో పడింది. 1996లో లీగ్‌లోకి వచ్చిన అలెన్ ఐవర్సన్‌తో ఊపందుకుంది. లీగ్ పెద్దలకు అది మొదట్లో మింగుడు పడలేదు. 2000 ప్రాంతంలో లీగ్ సొంత పత్రిక ‘హూప్’ ఐవర్సన్ ఫోటోను కవర్ మీద వేస్తూ ఆయన టాటూలను తుడిచేసింది. ఆయన బాధపడ్డాడు, అది న్యాయమే. ఇప్పుడు అదే లీగ్‌లో చేతినిండా టాటూలు మామూలు విషయం.

ఫోటోలో చెరిపినంత తేలిగ్గా ఒంటి మీది ఇంకు పోదు. నిజానికి పోవాలి. మన చర్మం పైపొర నెలా నెలన్నరలో మొత్తం రాలిపోయి కొత్తది వస్తుంది. మరి ఇరవై ఏళ్ల నాటి బొమ్మ ఎలా మిగులుతుంది?

సూది ఆ పైపొరను దాటి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది. అక్కడ ఉన్నది డెర్మిస్ అనే లోపొర. రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు అన్నీ అక్కడే ఉంటాయి. సూది దిగగానే శరీరం దాన్ని గాయంగానే చూస్తుంది. మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు చేరుకుని ఇంకు రేణువులను మింగేస్తాయి. క్రిమినైతే అరిగించుకునేవి. నల్ల ఇంకులోని కార్బన్ రేణువు అరగదు. అందుకే దాన్ని కడుపులో పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి. మనం టాటూ అని చూసేది ఆ కణాల పొట్టలనే.

ఆ కణాలు కూడా ఎల్లకాలం బతకవు కదా? ఫ్రాన్స్‌లోని మార్సే నగరంలో సాండ్రిన్ ఆన్రీ, బెర్నార్ మలిసెన్ బృందం దీన్ని తేల్చి 2018లో ప్రచురించింది. ఎలుకల తోక మీద ఆకుపచ్చ టాటూ వేసి, ఆ తర్వాత అక్కడి మాక్రోఫేజ్‌లను కావాలనే చంపేశారు. టాటూ చెక్కుచెదరలేదు. చచ్చిన కణం నుంచి బయటపడిన ఇంకును, బంతి జారగానే పక్కనున్న ఆటగాడు అందుకున్నట్టు, కొత్త కణం అందుకుంది. అంటే టాటూ ఒకసారి పడి ఊరుకునే మరక కాదు. ఆటగాడు నిద్రపోతున్నా ఒంట్లో నడుస్తూనే ఉండే పని.

ఇంకంతా అక్కడే ఉండిపోదు. సన్నని రేణువులు కొన్ని, ఒంట్లో కణాల మధ్య నుంచి పారే లింఫ్ అనే ద్రవంలో కలిసి చంకల్లోని లింఫ్ గ్రంథులకు చేరతాయి. టాటూలున్నవారి లింఫ్ గ్రంథులకు రంగు పట్టి ఉండటం డాక్టర్లు చాలాకాలంగా చూస్తున్నారు. అక్కడ చేరితే దీర్ఘకాలంలో ఏమవుతుందన్న పరిశోధన ఇంకా నడుస్తోంది. ఐరోపా సమాఖ్య మాత్రం 2022 నుంచి టాటూ ఇంకుల్లో వేలాది రసాయనాలపై ఆంక్షలు పెట్టింది.

మన పల్లెల్లో అమ్మమ్మల, నాయనమ్మల ముంజేతుల మీది పచ్చబొట్టుదీ, ఆదిలాబాద్ గోండు మహిళల పచ్చబొట్లదీ ఇదే కథ. పాతకాలపు పద్ధతిలో వాడింది దీపం మసి, అంటే కార్బన్. మసి నల్లగా ఉంటుంది కానీ, చర్మం గుండా చూస్తే నీలం కలిసిన పచ్చదనం కనిపిస్తుంది. ఎరుపు కాంతి లోతుకు వెళ్లి మసిలో ఇంకిపోతుంది. నీలం కాంతి అంత లోతుకు వెళ్లకముందే చెదిరి వెనక్కి వస్తుంది. ముంజేతి రక్తనాళాలు పచ్చగా కనిపించడానికీ ఇలాంటి కారణమే ఉంది.

మన చర్మపు రంగుకూ ఇందులో పాత్ర ఉంది. రంగునిచ్చే మెలనిన్ పైపొరలో ఉంటుంది, ఇంకు దాని కింద ఉంటుంది. తెల్లతోలు ఆటగాడు క్రిస్ ఆండర్సన్ మెడ మీద ఎరుపు, పసుపు రంగులు మెరిసినట్టు మన చామనఛాయ మీద మెరవవు. నల్లజాతి ఆటగాళ్లలో ఎక్కువమంది నల్ల ఇంకుకే మొగ్గు చూపడం వెనక ఈ లెక్క ఉంది. పైగా ముదురు రంగు చర్మంలో గాయం మానేచోట గడ్డలా ఉబ్బే కీలాయిడ్ ముప్పు ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా కీలాయిడ్ వచ్చి ఉంటే టాటూ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

వరంగల్ ఎండల్లో ఆడేవాళ్లకు అసలు పట్టాల్సిన ప్రశ్న చెమటది. టాటూ సూది నిమిషానికి వందలు, వేల సార్లు దిగేది చెమట నాళాలు సాగే లోపొరలోకే. 2017లో అమెరికాలోని అల్మా కాలేజీలో మారీ లూట్కెమైయర్ బృందం పదిమంది యువకులను పరీక్షించింది. ఒకవైపు టాటూ ఉన్నచోట, మరోవైపు సరిగ్గా అదే చోట ఖాళీ చర్మం మీద, చెమట పట్టించే పైలోకార్పిన్ అనే మందు పెట్టి చూశారు. టాటూ ఉన్నవైపు చెమట దాదాపు సగమే వచ్చింది, అందులో ఉప్పు ఎక్కువగా ఉంది. మామూలుగా చెమట నాళం పైకి వచ్చే దారిలో ఉప్పును వెనక్కి లాగేసుకుంటుంది. ఆ పని సరిగా జరగలేదన్నమాట.

అయితే 2019లో వచ్చిన మరో పరిశోధనలో, మందుతో కాకుండా నిజంగా వ్యాయామం చేయించి చూస్తే రెండువైపులా తేడా కనిపించలేదు. ఆ తర్వాత ఒళ్లంతా వేడి చేసి చూసిన ప్రయోగంలో మళ్లీ టాటూ వైపు చెమట తగ్గింది. విషయం ఇంకా తేలలేదు. లెక్క మాత్రం మనమే వేసుకోవచ్చు. ఒక చెయ్యి శరీర ఉపరితలంలో సుమారు 9 శాతం. రెండు చేతులూ నింపినా 18 శాతం, మిగతా ఒంటికి చెమట పోస్తూనే ఉంటుంది. ఏసీ హాలులో ఆడే ఎన్‌బీఏ ఆటగాడికి ఇది పెద్ద ఇబ్బంది కాదనే అనుకుంటాను. మే నెలలో 42 డిగ్రీల ఎండకు సిమెంటు కోర్టులో ఆడేవాడు చేతులతో పాటు ఛాతీ, వీపు కూడా నింపుకునే ముందు ఒకసారి ఆలోచించాలి.

అంతకంటే దగ్గరి ప్రమాదం సూది. జాతరల్లో బ్యాటరీ మెషీన్‌తో టాటూ వేసే చోట గమనించండి. ఒక సీసా మూతలో ఇంకు, ఒకే సూది, పక్కన తుడిచే తడిగుడ్డ. ముందు కూర్చున్నవాడి రక్తం అంటిన సూది మళ్లీ అదే ఇంకులో మునుగుతుంది. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ వ్యాపించడానికి ఆ కాస్త రక్తం చాలు. సీల్ తీయని సూది, ఒక్కరికే పోసిన ఇంకు మీ కళ్ల ముందే తీస్తేనే చెయ్యి చాపండి. టాటూ వేయించుకున్నాక ఏడాది పాటు రక్తదానం చేయకూడదన్న నిబంధన మన దేశంలో ఉన్నది ఇందుకే.

గ్రౌండ్‌లో పరుగు తీసే కుర్రాళ్లలో చాలామంది ఆర్మీ సెలక్షన్ మీద ఆశ పెట్టుకున్నవాళ్లే. ఆర్మీ నిబంధనల ప్రకారం శాశ్వత టాటూ ముంజేతి లోపలివైపు, అరచేతి వెనకవైపు మాత్రమే ఉండొచ్చు. ఆచారంగా పచ్చబొట్లు ఉన్న గిరిజనులకు సడలింపు ఉంది. లేజర్‌తో తీయించుకోవచ్చులే అనుకుంటే అదీ నెమ్మదైన పనే. లేజర్ రేణువులను ముక్కలు చేస్తుంది, వాటిని మోసుకెళ్లాల్సింది మళ్లీ శరీరమే. నల్ల ఇంకు కాస్త తేలిగ్గా పోతుంది, ఆకుపచ్చ, నీలం మొండికేస్తాయి. సిట్టింగ్‌కూ సిట్టింగ్‌కూ మధ్య ఆరేడు వారాలు ఆగాలి, అలాంటివి చాలా కావాలి. నోటిఫికేషన్ పడ్డాక మొదలుపెడితే టైం చాలదు.