ఎక్స్‌రేని జేపెగ్ చేస్తే పన్ను పొడవు మారిపోతుందా?

రూట్ కెనాల్‌లో ఫైల్ (వేరు లోపల శుభ్రం చేసే సన్న సూదిలాంటి పనిముట్టు) పెట్టి ఆర్‌వీజీ, అంటే సెన్సర్‌తో డిజిటల్ ఎక్స్‌రే తీస్తాం, స్క్రీన్ మీద గీత లాగి పొడవు చూస్తాం. ఎక్స్‌రేలో కనిపించే వేరు కొనకి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఇవతలే ఆగాలి. టెన్షన్ అంతా ఆ అర మిల్లీమీటరుతోనే.

అపోహ: జేపెగ్‌లో సేవ్ చేస్తే కొలత తప్పుతుంది.

తప్పదు. 1300 బై 1800 పిక్సెల్స్ ఉన్న బొమ్మ జేపెగ్ అయ్యాక కూడా అంతే ఉంటుంది. జేపెగ్ చేసేదల్లా బొమ్మని 8 బై 8 పిక్సెల్స్ గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో కంటికి ఆనని సన్న తేడాల్ని వదిలేయడం. ఒక్కో పిక్సెల్ 20 మైక్రాన్లుండే సెన్సర్ అయితే ఆ గడి వెడల్పు 0.16 మి.మీ. కాస్త కుదిస్తే వచ్చే తేడా కంటే మౌస్‌తో గీత లాగే మన చేతి తేడానే ఎక్కువ.

అపోహ: అయితే ఎంత కుదించినా పర్లేదు.

తేడా పడుతుంది. 10 నంబర్ ఫైల్ కొన 0.10 మి.మీ., అంటే 5 పిక్సెల్స్, మొత్తం ఒక్క గడిలో ఇమిడిపోతుంది. గట్టిగా కుదిస్తే ముందు మసకబారేది అదే, కొన ఎక్కడుందో మనం ఊహించి గీత పెడతాం. అందుకే 15 కంటే సన్న ఫైల్ పెట్టి ఆర్‌వీజీ ఒక్కదాన్నే నమ్మి పొడవు ఖాయం చేయను, అపెక్స్ లొకేటర్ (వేరు కొన ఎక్కడుందో కరెంటుతో పట్టే పరికరం) కూడా సరే అనాలి. ఇంకోటి, జేపెగ్‌ని తెరిచి బ్రైట్‌నెస్ మార్చి మళ్లీ సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది.

అపోహ: వాట్సాప్‌లో వచ్చిన ఎక్స్‌రే బాగానే కనిపిస్తోంది, కొలిచేయొచ్చు.

అసలు ముంచేది ఇదే, నేనూ ఒకసారి మునిగాను. ఫొటోగా పంపితే కుదించడంతో ఆగదు, సైజు కూడా తగ్గొచ్చు. 1800 పిక్సెల్స్ వైపు 1600 అయిందనుకోండి, సాఫ్ట్‌వేర్ మాత్రం పాత లెక్కే పట్టుకుని పిక్సెల్‌కి 20 మైక్రాన్లు వేస్తే 20 మి.మీ. పన్ను 17.8 అవుతుంది. సగానికి తగ్గి 10 అని చూపిస్తే ఎవరైనా నవ్వి పక్కన పెడతారు, 17.8 అంటే నమ్మేస్తాం కదా! బొమ్మ 640కి పడిపోతే ఒక్క గడే 0.45 మి.మీ., మనకున్న అర మిల్లీమీటరు దాదాపు అక్కడే అయిపోయింది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా స్టాపర్ (ఫైల్ మీద పొడవు గుర్తుగా ఉండే రబ్బరు బిళ్ల) నుంచి కొన దాకా ఫైల్ పొడవు ఎంత పెట్టారో అడిగి, దాంతో సాఫ్ట్‌వేర్ లెక్క సరిచేసుకున్నాకే కొలవండి.

అపోహ: డైకామ్ అయితే కచ్చితం.

డైకామ్, అంటే ఆసుపత్రి స్కాన్లు, ఎక్స్‌రేలు దాచే ఫార్మాట్, ఒక డబ్బా లాంటిది, లోపల గట్టిగా కుదించిన జేపెగ్ కూడా ఉండొచ్చు. పైగా కోన్ యాంగిల్ (ఎక్స్‌రే గొట్టం పెట్టే కోణం) తేడా వస్తే ఏ ఫార్మాటూ కాపాడదు. అంగిలి లోతు తక్కువున్న పేషెంట్‌కి పై మోలార్ తీసి చూడండి, సెన్సర్ వాలిపోయి వేర్లు సాగినట్టో కురచైనట్టో పడతాయి, ఒక్కోసారి ఆ తేడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది. ఓపీజీ (దవడ మొత్తం ఒకేసారి పడే ఎక్స్‌రే) సంగతి సరేసరి, అందులో మామూలుగా పళ్లు పెద్దవిగానే పడతాయి, అదీ ఒక్కోచోట ఒక్కోలా. ఇంప్లాంట్ వేసే చోట 5 మి.మీ. స్టీలు గోళీ పెట్టి తీయించి, దాంతో పోల్చుకునేది అందుకే.