గ్యాంగ్‌స్టర్ తుపాకులు: అపోహలు - వాస్తవాలు

పాత తుపాకులు వేలానికి వచ్చినప్పుడు వాటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం నా పని. అమెరికాలో ఈ మార్కెట్లో షికాగో గ్యాంగ్‌స్టర్ అల్ కాపోన్ పేరు తగిలితే చాలు, ధర ఎక్కడికో పోతుంది. కట్టుకథలూ వెంటే వస్తాయి.

అపోహ: సీరియల్ నంబరు కొడితే ఓనర్ పేరు వచ్చేస్తుంది.

రాదు. తుపాకులు తయారుచేసే కోల్ట్ కంపెనీ ఆర్కైవ్‌కి (పాత రికార్డుల విభాగానికి) డబ్బు కట్టి ఉత్తరం తెప్పించుకుంటే ఆ తుపాకీ ఏ తేదీన ఫ్యాక్టరీ దాటిందో, ఎక్కడికి వెళ్లిందో తెలుస్తుంది, అంతవరకే. దుకాణం నుంచి ఎవరి జేబులోకి పోయిందో అందులో వెతికితే దొరకదు. కాకపోతే కథ అబద్ధమని తేల్చడానికి ఆ ఒక్క తేదీ చాలు: బ్యాంకు దొంగ జాన్ డిల్లింజర్‌ని 1934 జులై 22న షికాగోలో కాల్చేశారు, 1935లో ఫ్యాక్టరీ దాటిన పిస్టల్ అతనిదని ఎవరైనా తెస్తే ఇక మాట్లాడేదేం లేదు.

అపోహ: నంబరు గీకేసి ఉందా, అయితే గ్యాంగ్‌స్టర్‌దే.

ఎవరు గీకారో గీతలు చెప్పవు. పైగా అలాంటిది కొని దగ్గర పెట్టుకుంటే అక్కడ ఫెడరల్ కేసు. అసలు నంబరే లేదంటారా, ప్రతి తుపాకీకి నంబరు ఉండాలన్న 1968 చట్టానికి ముందు చౌక రైఫిళ్లకు చాలావాటికి నంబరు వేసేవాళ్లే కాదు.

అపోహ: కుటుంబం ఉత్తరం ఉంటే తిరుగులేదు.

ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, స్వయంగా చూశారా విన్నారా, నేను ముందు చూసేది ఇవే. 2021లో శాక్రమెంటో వేలంలో 'స్వీట్‌హార్ట్' అని పేరుపడ్డ కాపోన్ కోల్ట్ .45 పాట 8,60,000 డాలర్లకు వెళ్లింది. అమ్మింది సొంత మనవరాళ్లు. కాపోన్ తర్వాత భార్య మే, కొడుకు సోనీ, ఆయన కూతుళ్లు, మధ్యలో బయటివాడు లేడు. ఇంత పొట్టి గొలుసు అరుదు. దోపిడీ దొంగ బానీ పార్కర్ .38 రివాల్వర్ సంగతి వేరు. 1934 మే 23న లూసియానాలో ఆమెనూ, ఆమె జోడీ క్లైడ్ బారోనూ కాల్చిన పోలీసు బృందానికి నాయకుడు ఫ్రాంక్ హేమర్, ఆమె తొడకు టేపుతో కట్టి ఉన్న ఆ తుపాకీని తీసుకున్నాడట. ఆ మాట చెప్పే నోటరీ ఉత్తరం మాత్రం ఆయన కొడుకు 1979లో, అంటే 45 ఏళ్ల తర్వాత రాసింది. 2012లో అది 2,64,000 డాలర్లు పలికింది. కథ నిజమే కావచ్చు, కానీ నా లెక్కలో అది తండ్రి మాటకు కొడుకు సాక్ష్యం.

అపోహ: బాలిస్టిక్స్ పరీక్ష చేయిస్తే ఎవరిదో తేలిపోతుంది.

ఏ తూటా ఏ తుపాకీలోంచి వచ్చిందో తేలుతుంది, ట్రిగ్గర్ మీద వేలు ఎవరిదో తేలదు. 1929 ఫిబ్రవరి 14న షికాగో గ్యారేజీలో ఏడుగురిని చంపిన కేసు చూడండి. అదే ఏడాది డిసెంబర్లో మిచిగన్‌లో గ్యాంగ్‌స్టర్ ఫ్రెడ్ బర్క్ ఇంట్లో రెండు థాంప్సన్ గన్‌లు (చేతిలో పట్టుకుని కాల్చే మెషిన్‌గన్‌లు) దొరికితే బాలిస్టిక్స్ నిపుణుడు కాల్విన్ గొడార్డ్ మైక్రోస్కోపు కింద తూటాలు పోల్చి, హత్యలకు వాడినవి ఇవేనని తేల్చాడు. అయినా బర్క్‌పై ఆ హత్యల కేసు ఎప్పుడూ విచారణకు రాలేదు. ఒక పోలీసును చంపినందుకు జైలుకెళ్లి 1940లో అక్కడే చనిపోయాడు. ఆ గన్‌లు రెండూ మిచిగన్‌లోని బెరియన్ కౌంటీ షెరీఫ్ (పోలీసు అధికారి) దగ్గరే ఉన్నాయి. కాబట్టి 'ఆ రోజు వాడిన థాంప్సన్' అంటూ మీకెవరైనా అమ్మజూపితే, ముందు ఆ రెండింటి నంబర్లు కనుక్కోండి.