ఐదున్నర కోట్ల డాలర్ల పేచీ: సంతకానికి ముందు, తర్వాత

కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు 2025 సెప్టెంబరు చివర్లో పాక్-12 వేసిన కేసును కొట్టివేయడానికి ఒప్పుకోలేదు. దాంతో అమెరికా వర్సిటీ క్రీడల్లోని పాక్-12, మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్సుల తగువు మళ్లీ రాజుకుంది. మౌంటెన్ వెస్ట్ నుంచి ఐదు వర్సిటీలు 2026 జూలై 1న పాక్-12లోకి వెళ్లడానికి నిర్ణయించుకున్నాయి. వాటిని లాక్కున్నందుకు 5.5 కోట్ల డాలర్లు కట్టాలన్నది మౌంటెన్ వెస్ట్ వాదన. ఆ షరతే చట్టవిరుద్ధం, పైసా కట్టేది లేదన్నది పాక్-12 సమాధానం.

కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకుంటూ, ఆ ఆటల ప్రసార హక్కులను ఉమ్మడిగా అమ్ముకునే వర్సిటీల కూటమి. ప్రసార హక్కుల మీద, వర్సిటీ క్రీడలను నడిపే సంఘమైన ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని 1984లో అమెరికా సుప్రీంకోర్టు తీసేయడం, తర్వాత టీవీ సొమ్ము కోసం ఫిరాయింపులు మొదలవడం, 2021లో టెక్సస్, ఓక్లహోమా వర్సిటీలు ఎస్‌ఈసీ అనే మరో కాన్ఫరెన్సుకు వెళ్తామని ప్రకటించడం అందరూ చెప్పుకున్న కథే. ఇప్పటి తగువు అర్థం కావాలంటే అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 2023 డిసెంబరులో కుదిరిన ఒక ఒప్పందాన్ని చూస్తే చాలు.

అప్పటికి పాక్-12లో మిగిలినవి రెండే: కోర్వాలిస్‌లోని ఓరెగన్ స్టేట్, పుల్‌మన్‌లోని వాషింగ్టన్ స్టేట్. పది వర్సిటీలు తలో దారి చూసుకున్నాయి. 2024 సీజనుకు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు కావాలి. మిగతా కాన్ఫరెన్సులన్నీ తమ షెడ్యూళ్లు ముందే నింపుకున్నాయి. అలాంటప్పుడు ఆదుకున్నది మౌంటెన్ వెస్ట్. ఒక్కోదానితో ఆరేసి ఆటలు ఆడటానికి ఒప్పుకుంది. అందుకు ఆ రెండూ కలిసి 1.4 కోట్ల డాలర్లు ఇవ్వాలి.

అదే ఒప్పందంలో మరో షరతు ఉంది. మౌంటెన్ వెస్ట్ సభ్యుల్లో ఎవరినైనా పాక్-12 తీసుకుంటే మొదటి వర్సిటీకి కోటి డాలర్లు కట్టాలి. ఆ తర్వాత తీసుకునే ప్రతి వర్సిటీకి ఇంకో 5 లక్షలు పెరుగుతూ పోతుంది. ఐదింటికి లెక్కేస్తే సరిగ్గా 5.5 కోట్లు. దీన్నే పోచింగ్ ఫీజు అంటున్నారు. వెళ్లే వర్సిటీలు తమ వంతుగా కట్టాల్సిన ఎగ్జిట్ ఫీజు దీనికి అదనం. దాని మీద వేరే వ్యాజ్యం నడుస్తోంది.

మౌంటెన్ వెస్ట్ ఈ షరతు ఎందుకు పెట్టింది? పాక్-12 లాయర్లు దీన్ని దురాశగా చూపిస్తున్నారు. అంతకు ఆరు నెలల ముందు జరిగింది చూస్తే మాత్రం అలా అనిపించదు. 2023 జూన్‌లో శాన్ డియేగో స్టేట్ తాను వెళ్లిపోవాలనుకుంటున్నానని మౌంటెన్ వెస్ట్‌కు లేఖ రాసింది. పాక్-12 నుంచి పిలుపు వస్తుందని దాని ఆశ. జూన్ 30లోగా చెబితే ఎగ్జిట్ ఫీజు దాదాపు 1.65 కోట్లు, దాటితే రెట్టింపు. అందుకే గడువు కాస్త పెంచమని అడిగింది. పిలుపు రాలేదు. రాకపోయేసరికి మేం రాజీనామా చేయలేదంది. ఆ లేఖే రాజీనామా అని మౌంటెన్ వెస్ట్ పట్టుబట్టి, ఇవ్వాల్సిన వాటా సొమ్ము ఆపింది. చివరికి జూలైలో రాజీ కుదిరింది. సభ్యులు ఎప్పుడు గోడ దూకుతారా అని కమిషనర్ గ్లోరియా నెవారెజ్‌కు అప్పటి నుంచే గుబులు ఉండి ఉంటుంది. ఆరు నెలలు తిరక్కుండా, ఆ పిలుపు పంపాల్సిన పాక్-12 వాళ్లే ఆటలు కావాలంటూ గుమ్మంలోకి వస్తే, గొళ్లెం పెట్టుకోకుండా ఎవరుంటారు?

శాన్ డియేగోకు పిలుపు ఎందుకు రాలేదన్నది కూడా చెప్పుకోవాలి. అప్పుడు పాక్-12 దగ్గర టీవీ ఒప్పందమే లేదు. 2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వర్సిటీలు బిగ్ టెన్ కాన్ఫరెన్సుకు వెళ్తున్నట్టు ప్రకటించాయి. లాస్ ఏంజలెస్ ప్రేక్షకులు చేజారాక పాక్-12 సరుకుకు ధర తగ్గింది. ఆ శరదృతువులో క్రీడా ఛానెల్ ఈఎస్‌పీఎన్ ఒక్కో వర్సిటీకి ఏటా 3 కోట్ల డాలర్ల దాకా ఇస్తానంటే, పాక్-12 పెద్దలు 5 కోట్లు అడిగారని వార్తలొచ్చాయి. ఈలోగా బిగ్ 12 అనే మరో కాన్ఫరెన్సు అదే ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో 3.17 కోట్లకు బేరం ముగించుకుంది. ఆగితే ఇంకా మంచి ధర పలుకుతుందని అప్పటి పాక్-12 కమిషనర్ జార్జ్ క్లియావ్‌కాఫ్ చెబుతూ వచ్చారు. 2023 ఆగస్టు 1న ఆయన ముందుకు తెచ్చింది ఆపిల్ ప్రతిపాదన. ఖాయంగా వచ్చేది రెండున్నర కోట్లకు అటూఇటూ. చందాదారులు పెరిగితే ఆ పైన. కొలరాడో అప్పటికే బిగ్ 12కు తిరిగి వెళ్లిపోయింది.

ఆగస్టు 4 ఉదయం మిగిలిన తొమ్మిది వర్సిటీల అధ్యక్షులు సంతకాలు చేయాల్సి ఉంది. వాషింగ్టన్, ఓరెగన్ వెనక్కి తగ్గాయి. బిగ్ టెన్‌లో సగం వాటాకైనా సరేనన్నాయి. ఆ రోజే ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 బాట పట్టాయి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా వర్సిటీ) అట్లాంటిక్ తీరపు ఏసీసీ కాన్ఫరెన్సులో 30 శాతం వాటాకు చేరాయి. కాలిఫోర్నియా నుంచి నార్త్ కరోలినాకు ఆటగాళ్లను విమానంలో పంపడం ఎవరికీ వింతగా తోచలేదు!

ఓరెగన్ స్టేట్ మాత్రం తన రీజర్ స్టేడియంలో ఒక వైపు మొత్తం కూలగొట్టి, 16 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో కొత్తగా కట్టడం అదే ఏడాది పూర్తి చేసింది. ఆ వర్సిటీ అధ్యక్షురాలు జయతి మూర్తి హైదరాబాద్ నుంచి వెళ్లినవారు. ఆమె ఎం.ఎస్. చేసింది వాషింగ్టన్ స్టేట్‌లోనే. మిగిలిన ఆ రెండు వర్సిటీలే కలిసి వాషింగ్టన్ రాష్ట్రంలోని విట్‌మన్ కౌంటీ కోర్టుకు వెళ్లాయి. వెళ్లిపోతామన్నవారికి పాక్-12 బోర్డులో ఓటు ఉండకూడదని వాదించాయి. నియమావళిలో అలాగే ఉంది. నవంబరులో న్యాయమూర్తి వాళ్లకే పగ్గాలు అప్పగించారు. రాష్ట్ర సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. కాన్ఫరెన్స్ పేరు, ఖాతా, ఆస్తులు రెండు వర్సిటీలకు దక్కాయి. రాసుకున్న మాటకు కట్టుబడాలన్న వాదనతో గెలిచిన ఆ వారాల్లోనే మౌంటెన్ వెస్ట్ షరతు మీదా సంతకం పెట్టాయి.

ఎన్‌సీఏఏ నియమం ప్రకారం కాన్ఫరెన్స్‌కు కనీసం ఎనిమిది మంది సభ్యులుండాలి. రెండేళ్ల వెసులుబాటుకు గడువు 2026 జూలై 1. 2025 ఆటల కోసం మౌంటెన్ వెస్ట్ ఈసారి దాదాపు 3 కోట్లు అడిగిందని వార్తలొచ్చాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ బేరం చెడింది. అదే నెల 12న బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్ పాక్-12లో చేరుతున్నట్టు ప్రకటన వచ్చింది. తర్వాత యూటా స్టేట్. 24న పాక్-12 కోర్టుకెక్కింది.

పాక్-12 వాదన ఇది: గత్యంతరం లేని స్థితిలో సంతకం చేశాం, ఈ జరిమానా మా ఒక్కరికే వర్తిస్తుంది, ఎగ్జిట్ ఫీజుతోనే మౌంటెన్ వెస్ట్ నష్టం పూడుతుంది, కాబట్టి ఇది పోటీని అణచే షరతు, వ్యాపారంలో పోటీని కాపాడే యాంటీట్రస్ట్ చట్టానికి విరుద్ధం. న్యాయమూర్తి ఈ వాదన విచారణకు తగినదన్నారు. అంతే తప్ప సరైనదని తేల్చలేదు.

మౌంటెన్ వెస్ట్ చెప్పేదానికి కొంచెం ఎక్కువ చోటు కావాలి. రెండు పక్షాలా లాయర్లు చదివి రాసుకున్న కాగితం ఇది. షరతు లేకుంటే ఒప్పందమే ఉండేది కాదని, ఆ ఆటల వల్లే పాక్-12 ఒక సీజను గట్టెక్కిందని అది అంటోంది. దాని సభ్యులకు టీవీ నుంచి ఏటా వచ్చేది దాదాపు 40 లక్షల డాలర్లే. ఆ లెక్కన 5.5 కోట్లు ఎంత పెద్ద మొత్తమో చెప్పనక్కర్లేదు. పైగా మిగిలిన సభ్యుల్లో యూఎన్‌ఎల్‌వీ, ఎయిర్ ఫోర్స్ కూడా వెళ్లిపోకుండా ఆపడానికి, రాబోయే ఈ ఫీజుల్లోంచే పెద్ద వాటాలు ఇస్తామని మాటిచ్చింది. పాక్-12 కట్టకపోతే ఆ మాట ఎలా నిలబెట్టుకోవాలన్నది దాని సమస్య.

2025 జూలైలో మధ్యవర్తిత్వం విఫలమైంది. పాక్-12 ఈలోగా టీవీ సంస్థ సీబీఎస్‌తో 2026 నుంచి కొత్త ఒప్పందం చేసుకుంది. టెక్సస్ స్టేట్‌ను చేర్చుకుని ఫుట్‌బాల్ సభ్యుల సంఖ్యను ఎనిమిదికి చేర్చింది. మౌంటెన్ వెస్ట్‌తో ఒప్పందం పునరుద్ధరించకపోవడం వల్ల ఓరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ 2025 నవంబరులో రెండుసార్లు తమలో తామే తలపడ్డాయి, ఒకసారి కోర్వాలిస్‌లో, ఇంకోసారి పుల్‌మన్‌లో.