స్టవ్ మీద మసి, ఫ్యాక్టరీలో మసి

చిక్కడపల్లిలో మా ఇంట్లో బర్నర్ కంతలు మూసుకుపోయినప్పుడల్లా నీలం మంట పసుపెక్కుతుంది, గిన్నె అడుగు నల్లబడుతుంది, అమ్మ పీచుతో తోముతూ స్టవ్‌ని తిడుతుంది. అదే అమ్మ, చెల్లి పుట్టినప్పుడు ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి ఆ మసినే భద్రంగా పట్టి, నెయ్యితో రంగరించి కాటుక చేసింది!

మంటకి గాలి చాలకపోతే ఇంధనం విరిగి ముక్కలవుతుంది. ఆ ముక్కలు, ముఖ్యంగా ఎసిటిలీన్ అనే చిన్న అణువులు, అతుక్కుని బెంజీన్ లాంటి కార్బన్ ఉంగరాలవుతాయి, ఉంగరాలు కలిసి పలకలు, పలకలు గుంపు కట్టి రేణువులు. ఒక్కోటి కొన్ని పదుల నానోమీటర్లే. దీపానికి ఆ పసుపు వెలుగు వచ్చేది కూడా ఈ రేణువులు వేడెక్కి మెరవడం వల్లే. అంటే కరెంటు పోయిన రాత్రుల్లో మనం చదువుకున్నది మసి వెలుగులో అన్నమాట.

ఇక పీడనం పెంచితే అణువులు కిక్కిరిసి మరింత తరచుగా గుద్దుకుంటాయి. పీడనం రెట్టింపు చేస్తే మసి రెట్టింపుతో ఆగదు, ఒక్కోసారి నాలుగు రెట్ల దాకా పోతుంది. హైడ్రోజన్ తయారుచేసేవాళ్లకి టెన్షన్ ఇక్కడే. ఇప్పుడు హైడ్రోజన్ ఎక్కువగా వచ్చేది సహజ వాయువు నుంచి. అందులో ముఖ్యంగా ఉండే మీథేన్‌ని నికెల్ ఉత్ప్రేరకం (తాను ఖర్చవకుండా చర్యని వేగం చేసే పదార్థం) మీద నీటి ఆవిరితో కలిపే మామూలు పద్ధతిలో కిలో హైడ్రోజన్‌కి 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, అందులో కొంత కొలిమిని బయటినుంచి వేడి చేయడానికి కాల్చిన ఇంధనానిది. మరో పద్ధతిలో రియాక్టర్ లోపలే కొంచెం ఆక్సిజన్ ఇచ్చి మీథేన్‌ని సగం సగంగా కాలుస్తారు. బయట కొలిమి పొగ ఉండదు కాబట్టి కార్బన్ డయాక్సైడ్‌ని ఒకేచోట పట్టడం సులువు. కానీ అది గాలి చాలని మంట, పైగా మామూలు వాతావరణ పీడనానికి పదుల రెట్ల పీడనంలో. మా స్టవ్ జబ్బే, ఫ్యాక్టరీ సైజులో! మసి పుడితే కింద ఉన్న ఉత్ప్రేరకం మీద పేరుకుంటుంది. అందుకే ఆవిరి కలుపుతారు, బర్నర్ ఆకారం మీద ఏళ్లకేళ్లు కుస్తీ పడతారు.

నాకు నచ్చిన దారి మాత్రం ఇంకోటి, అచ్చం కాటుక పట్టినట్టే. ఆక్సిజన్ అసలు ఇవ్వకుండా మీథేన్‌ని వేడితో విరగ్గొడితే హైడ్రోజన్, గట్టి కార్బన్ విడివిడిగా వస్తాయి. కరిగిన లోహంలోంచి బుడగలుగా పంపితే కార్బన్ పైకి తేలుతుంది, తీసేయొచ్చు. చిక్కల్లా లెక్కలో ఉంది: కిలో హైడ్రోజన్‌కి 3 కిలోల కార్బన్. టైర్లకి ఆ నలుపు ఇచ్చేది కార్బన్ పొడే కాబట్టి కొంత అమ్ముకోవచ్చు. కానీ ప్రపంచం ఏడాదికి వాడే హైడ్రోజన్ 9 కోట్ల టన్నుల పైమాటే, అదంతా ఇలాగే చేస్తే 27 కోట్ల టన్నుల మసి. మన ఆర్టీసీ బస్సులూ ఆటోలే కాదు, భూమ్మీద ఉన్న బండ్లన్నిటి టైర్లూ కలిసినా అంత మింగలేవు.